చప్పుడు గంట

మా బృందం పేరు తుప్పు. ఇండస్ట్రియల్ రాక్ వాయిస్తాం. అదేమిటని అడిగినవాళ్లకి మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ని: యంత్రాల మధ్య బతికే మనిషిలో అణిగిపోయిన కోపం ఇనప గొంతుతో బయటికి రావడం అని. తరవాత అడిగేవాళ్లు లేకపోవడంతో వివరణ నాలోనే మిగిలిపోయి మరింత లోతెక్కింది.

ముగ్గురం ఉన్నాం. గిటారు నెల్సన్‌ది. మామూలు వేళల్లో అతను టీవీలూ మిక్సీలూ బాగుచేస్తాడు. హైమావతి డ్రమ్స్ బదులు ఇనప పీపాలు, లారీ స్ప్రింగులు, ఒక ఖాళీ గ్యాసు సిలిండరు వాయిస్తుంది. ఆమెది సహకార బ్యాంకులో ఉద్యోగం. కౌంటరు దగ్గర జనం మీద అరవడానికి వీల్లేదు కనక సిలిండరుని కొడతానంటుంది. నేను సైకాలజీలో ఎమ్మే చదివి, కళాశాలలో అదే చెబుతూ, ఇంతకంటే మంచి సిద్ధాంతం కనిపెట్టలేకపోయాను. పాటలు రాసేదీ పాడేదీ నేను. పాడడం అన్నది నా మాట. హైమ దాన్ని "నీ కేకలు" అంటుంది.

మా మొదటి ఆల్బం విడుదలైనప్పుడు విన్నవాళ్లు మేం ముగ్గురం, హైమ అత్తగారు. ఆవిడ రెండో పాటకే వంటింట్లోంచి వచ్చి, "మిక్సీలో చెంచా పడిపోయినట్టుంది, చూడమ్మా" అంది. మాకు వచ్చిన సమీక్ష అదొక్కటే. చాలాకాలం నేను దాన్ని అభినందనగానే తీసుకున్నాను.

రెండో ఆల్బం పేరు 'లోపలి కొలిమి'. అందులో అన్నీ మోత పాటలే, చివరిది తప్ప. దాని పేరు 'చల్లారిన ఇనుము'. ఒక తీగ, ఒక గొంతు, అంతే. దాదాపు గుసగుస. మిగతా పాటల్లో నేను ప్రపంచం మీద అరిచాను. ఇందులో నాతో నేను మాట్లాడుకున్నాను. ఈ పాటని ఒక్క మనిషి చివరిదాకా వింటే చాలనుకున్నాను. ఇంత చిన్న కోరిక వెనక ఎంత పెద్ద అహంకారం దాక్కుని ఉంటుందో నా చదువు నాకు చెప్పింది. చెప్పినా కోరిక తగ్గదని కూడా అదే చదువు చెప్పింది.

విశాఖలో గాజువాక దాటాక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని అందులో సాధన చేసేవాళ్లం. గోడకి అవతల ఓడల లంగరు గొలుసులు తయారుచేసే ప్రభుత్వ కర్మాగారం ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మేం కొత్త ఆల్బంలోని మొదటి పాట వాయిస్తుండగా తలుపు తోసుకుని ఇద్దరు వచ్చారు. ముందున్నాయన చేతిలో టార్చిలైటులాంటి పరికరం ఉంది. దాన్ని నా గొంతుకేసి గురిపెట్టి నిలబడ్డాడు. పేరు అనంతపద్మనాభం, కర్మాగారంలో శబ్ద నివారణాధికారి. వెనకున్నాయన పైడినాయుడు, అక్కడి కార్మిక సంఘం నాయకుడు.

నాకు లోలోపల సంతోషం కలిగింది. నిషేధం అంటే సర్కారువారు కళాకారుడికి ఇచ్చే గుర్తింపు. వినేవాడు లేకపోయినా ఆపించేవాడు దొరికాడు. మొహం గంభీరంగా పెట్టుకున్నాను.

పద్మనాభంగారు పరికరంలోని అంకె చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూశారు. "తొంభై నాలుగు!" అన్నారు, కొడుక్కి వచ్చిన మార్కులు చదివినట్టు. తరవాత నాతో, "తమరు ఈ ధ్వనిని ఏ మేరకు నిరాటంకంగా నిర్వహించగలరో తెలియజేయగలరా?" అన్నారు.

"అంటే ఏటంటే, ఇలగే రోజల్లా వాయించగలరా అని సారు అడగతన్నారు" అన్నాడు పైడినాయుడు.

"ఎందుకు, అరెస్టు చెయ్యడానికా?" అంది హైమ, సుత్తి దించకుండా.

"ఓలమ్మో, అరెస్టేటమ్మా! ఆపాయింట్‌మెంటు!"

విషయం తరవాత బోధపడింది. కర్మాగారంలో సుత్తుల షాపు అని ఒక విభాగం ఉంది. ఏనుగంత సుత్తులు ఎర్రగా కాలిన ఇనుముని కొడుతుంటే పక్క మనిషి మాట వినబడేది కాదు. తొంభై డెసిబెల్స్ దాటిన షాపులో పనిచేసేవాళ్లకి రోజూ ఒక గంట ముందుగా ఇంటికి వెళ్లే హక్కు ఉంది. దాన్ని అక్కడివాళ్లు చప్పుడు గంట అంటారు. అదిగాక ధూళికి విరుగుడుగా మనిషికో బెల్లం ముక్క ఇస్తారు. నాలుగింటికి దిగాల్సిన షిఫ్టు మూడింటికే దిగుతుంది. తండ్రుల కాలం నుంచీ అదే వరస.

ఈ మధ్య విదేశాల నుంచి కొత్త ప్రెస్సు వచ్చింది. అది పూరీలు వత్తినంత మెత్తగా గొలుసు లంకెలు వత్తేస్తుంది. సుత్తుల్ని పీకి తుక్కుకింద పంపేశారు. చప్పుడు పోయింది. చప్పుడు పోతే గంట పోతుంది.

పోయేది గంట ఒక్కటే అయితే యాజమాన్యం నిబ్బరంగా భరించేది. కానీ చప్పుడుని నివారించడానికి అక్కడ పద్మనాభంగారి విభాగం ఉంది. చెవి బిరడాలు కొనడానికో సంఘం, కొన్నవాటిని పరీక్షించడానికి మరో సంఘం, చెవుడు నమోదు చెయ్యడానికి ఒక డాక్టరు ఉన్నారు. నివారించాల్సింది నిజంగానే నివారణ అయిపోతే ఈ నివారకులంతా ఏమవుతారు? కాబట్టి చప్పుడు ఎలాగైనా తెచ్చే బాధ్యత శబ్ద నివారణ విభాగం మీదే పడింది.

"నిబంధనే మార్చుకోవచ్చు కదండీ?" అన్నాడు నెల్సన్.

"నిబంధన మార్చాలంటే ఢిల్లీ వరకు వెళ్లవలసి ఉంటుంది. చప్పుడు తేవాలంటే గోడ వరకు వస్తే చాలునని గ్రహించడమైనది" అన్నారు పద్మనాభంగారు.

మర్నాడు జనరల్ మేనేజరు కూర్మారావుగారి గదికి వెళ్లాం. ఆయన బల్ల మీద నిబంధనల పుస్తకం, దాని మీద చిన్న ఇత్తడి లంగరు ఉన్నాయి.

"చూడండి. శబ్దం ఉత్పత్తిక్రమంలో సంస్థ తాలూకు యంత్రం నుంచి వెలువడాలి. మనుషుల నుంచి వెలువడితే దాన్ని శబ్దం అనరు, అల్లరి అంటారు. అల్లరికి మేం గంట ఇవ్వలేం, ఛార్జిషీటు ఇవ్వగలం" అన్నారాయన.

"మరి మేమేం చెయ్యాలి?" అన్నాను.

"తమరు యంత్రం కావాలి."

నెల్సన్ కాస్త ఆలోచించి, "ముగ్గురం మూడు యంత్రాలాండీ, ఒకటేనా?" అన్నాడు.

"మూడైతే మూడు టెండర్లు పిలవాలి. ఒకటే అనుకుందాం."

"యంత్రానికి సెలవులుంటాయా?" అంది హైమ.

"ఉండవమ్మా. మరమ్మతులుంటాయి. ఏటా తరుగుదల ఉంటుంది. పదేళ్లయ్యాక తుక్కుకింద వేలం వేస్తాం."

"మా అత్తగారు అన్నేళ్లు ఆగదండీ" అంది హైమ.

మా మొదటి ఆల్బంలో మొదటి పాట పల్లవి 'నేను యంత్రాన్ని కాను'. గొంతు జీరపోయేదాకా దాన్ని మళ్లీ మళ్లీ అరుస్తాను. సంతకం మాత్రం ఒక్కసారే పెట్టాను, అదీ చక్కటి దస్తూరీతో. ఎందుకు పెట్టానో చెప్పడం కష్టమేం కాదు. సుత్తుల షాపులో మూడొందల మంది ఉన్నారు. ఏడు గంటలసేపు ఎటూ కదల్లేని మూడొందల మంది శ్రోతలు! మొదటి ఆల్బంకి హైమ అత్తగారు తప్ప దిక్కులేని వాడికి యంత్రం కావడం పెద్ద త్యాగంగా తోచదు. ఆ రోజు ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే మొహంలో అవమానం కోసం వెతకాల్సి వచ్చింది. వెతికితే దొరికింది గాని, దాని పక్కనే కూర్చున్న ఆనందం బాగా లావుగా ఉంది.

వేసవి సెలవులు కనక నాకు కళాశాల లేదు. నెల్సన్ కొట్టు మూసేశాడు. హైమ బ్యాంకులో దీర్ఘకాలిక సెలవు పెట్టింది. కారణం దగ్గర 'నరాల బలహీనత' అని రాసి, నలభై కిలోల సిలిండరు భుజాన వేసుకుని వచ్చింది.

యంత్రం కనక మాకు ఇత్తడి బిళ్ల ఇచ్చారు. 'ధ్వని ఉత్పాదక యంత్రం' అని చెక్కించి, కింద ఏదో సంఖ్య వేశారు. రివెట్లు కొట్టి బిగించడం ఆనవాయితీ. నా మీద రివెట్లు కొట్టే వీలు లేక తాడు కట్టి మెడలో వేశారు. ప్రతి యంత్రానికీ ఒక ఫిట్టరు ఉండాలి కనక సన్యాసయ్యని మాకు కేటాయించారు. పాత సుత్తి దగ్గర జుట్టు నెరిసిన మనిషి. మొదటిరోజు పొద్దున్నే నూనెడబ్బా, గుడ్డపేలిక పట్టుకుని వచ్చాడు. నెల్సన్ గిటారు తుడిచాడు. హైమ సిలిండరు తుడిచాడు. నా ముందు ఆగి కాస్త మొహమాటపడి నా భుజం తుడిచాడు.

"ఏవనుకోకండి బాబూ. రాసిచ్చీసిన పని. చూడాల, తుడవాల, కందెన ఎయ్యాల."

"కందెన ఎక్కడ వేస్తావు?"

"సారుని అడిగేసినానండి. టీ ఇమ్మన్నారు."

ఆ విధంగా మా టీ కందెన పద్దులో చేరింది. చక్కెర తగ్గిందని హైమ అంటే, చిక్కదనం పరీక్షించడానికి ప్రయోగశాల నుంచి ఒకాయన సీసా పట్టుకుని వచ్చాడు.

టీ తాగుతూ సన్యాసయ్యని అడిగాను, చప్పుడు గంట అంటే అందరికీ అంత పట్టింపు ఎందుకని.

"మరేటండి బాబూ! ఇంటికెల్తే ఇంటోళ్ల మనిషిని. ఇక్కడుంటే ఫేట్రీ మనిషిని. మూడింటికాడ్నించి నాలుగు దాకా మాత్రం నాను ఎవుడి మనిషినీ కాదు. ఆ గంట తీసీస్తే ఇంక నాకు నానెక్కడ దొరుకుతాను?"

"ఆ గంటలో ఏం చేస్తావు?"

"ఏటీ సెయ్యనండి" అన్నాడు గర్వంగా.

'లోపలి కొలిమి' విడుదల సుత్తుల షాపులోనే జరిగింది. కొత్త యంత్రానికి చేసే లాంఛనాలన్నీ చేశారు. స్పీకర్లకి పసుపు రాసి బొట్లు పెట్టారు. నా నుదుటిక్కూడా పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. నిమ్మకాయ చక్రం కింద పెట్టి తొక్కించాలి. మా యంత్రానికి చక్రాలు లేవని పురోహితుడు ఇబ్బందిపడితే కూర్మారావుగారు కలగజేసుకుని నన్నే తొక్కమన్నారు. తొక్కాను. కుడికాలితో అని సవరించారు. మళ్లీ తొక్కాను.

"ఒకప్పుడు శబ్దం శాపం. నేడది వనరు. మన సంస్థ శబ్దరంగంలో స్వయం సమృద్ధి సాధించిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను" అని ఆయన ఉపన్యసించారు.

మూడొందల మంది చప్పట్లు కొట్టారు. మూడొందల మొహాలు నా వైపు తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్లుగా నాలో పేరుకున్నదంతా ఇక బయటికి వచ్చి మనుషుల్లోకి వెళుతుంది, వెళ్లి అక్కడ తన పోలికలు గుర్తుపడుతుంది అనుకున్నాను. సైరన్ మోగింది. నేను గుండెనిండా ఊపిరి తీసుకున్నాను.

మూడొందల మందీ జేబుల్లో చేతులు పెట్టారు. నారింజ రంగు బిరడాలు తీశారు. చెవుల్లో దోపుకున్నారు.

"కర్ణరక్షకాలు ధరించకపోవడం శిక్షార్హం" అని నా పక్కన గోడమీద రాసి ఉంది. ఎర్ర అక్షరాలతో, ఒక చెవి బొమ్మతో సహా.

ఆ రోజంతా పాడాను. ఆత్మలు బద్దలయ్యే పాటలవి. వాళ్లు ప్రశాంతంగా లంకెలు తిప్పుకున్నారు. మూడింటికి సన్యాసయ్య బిరడాలు తీసి జేబులో వేసుకుంటుంటే ఆగలేక అడిగాను: "ఎలా ఉంది?"

"బాగా అదురుతోంది బాబూ. పాత హేమరు కంటే బాగున్నాది. అరికాళ్లలోంచి ఒస్తంది."

"మరి మాటలు?"

"మాటలు కూడా ఉన్నాయేటి?" అన్నాడు ఆశ్చర్యంగా.

వారం తిరగకుండా మరో చిక్కు వచ్చింది. సంగీతం అన్నాక ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా, గోడమీద అందరికీ కనిపించేలా పద్మనాభంగారు పెట్టించిన ఎర్ర అంకెల బోర్డు తొంభై కిందికి జారింది. వెంటనే శబ్ద నాణ్యతా సమీక్షా సంఘం ఏర్పడి మమ్మల్ని పిలిచింది. కూర్మారావుగారు అధ్యక్షులు, పద్మనాభంగారు కార్యదర్శి, పైడినాయుడు కార్మికుల తరఫు ప్రతినిధి.

పద్మనాభంగారు చదివారు: "మూడవ గీతమందలి రెండవ చరణం నిరుత్పాదకంగా ఉన్నట్లు గమనించడమైనది. అయిదవ గీతమున గాయకుడు ఊపిరి పీల్చుకొను వ్యవధి మితిమీరినది. ఎనిమిదవ గీతం 'చల్లారిన ఇనుము' ఆసాంతం యాభై దాటనందున, దానిని యంత్రం మొరాయించినట్లుగా పరిగణించడమైనది."

"ఆ పాట మాత్రం తియ్యకండి. మిగతా మోతంతా దాని కోసమే. మనసుకి చప్పుడు ఎంత అవసరమో, చప్పుడు ఆగాక వచ్చే నిశ్శబ్దం అంతకంటే అవసరం" అన్నాను.

"నిశ్శబ్దం కోసం మా దగ్గర విదేశీ ప్రెస్సు ఉందండీ. దానికి తమరెందుకు?" అన్నారు కూర్మారావుగారు. ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

పైడినాయుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫీలవ్వకండి గురూగారూ. మీ కేకలు మాకు నచ్చినాయి. ఆ ఏడుపు పాటొకటి ఒగ్గీండి. మావోళ్ల గంట పోద్ది."

ఒప్పుకున్నాను. పాటల్లో విరామాలు తీసేశాను. చరణాలు తీసేశాను. ఎక్కడ ఏది కోసినా దానికి నా దగ్గర సిద్ధాంతం ఉంది. విరామం తీసేసినప్పుడు అది నా పలాయనవాదాన్ని ఓడించడం అనుకున్నాను. రాగం తీసేసినప్పుడు బాల్యపు బలహీనతని దాటడం అనుకున్నాను. నెల తిరిగేసరికి 'లోపలి కొలిమి' ఆగకుండా ఏడు గంటలు సాగే ఒకే దెబ్బ అయింది. దాన్ని కూడా నేను శైలి అనే అన్నాను. మనిషి మనసు అడిగిందానికల్లా కారణం రాసిచ్చే గుమాస్తా అని క్లాసులో పాఠం చెప్పేవాణ్ని. గుమాస్తా ఇంత చురుకైనవాడని తెలియదు.

జూన్ మొదట్లో కేంద్రం నుంచి తనిఖీ అధికారి వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆవిడ కొలిచి తొంభై దాటిందని రాస్తే గంట శాశ్వతంగా ఉంటుంది. దాటకపోతే ఆ రోజు నుంచే పోతుంది. పైడినాయుడు ముందురోజు వచ్చి నాకు రెండు చేతులూ జోడించాడు. "గొంతు జాగర్త గురూగారూ. అయిస్‌క్రీమ్ గట్రా తినీకండి." సన్యాసయ్య ఆ రోజు నా భుజం రెండుసార్లు తుడిచాడు.

అధికారి పేరు మృణాళిని. సన్నటి మనిషి, కాటన్ చీర, చేతిలో సొంత మీటరు. షాపంతా తిరిగి మా ముందు ఆగింది. మేం ఉధృతంగా వాయిస్తున్నాం. బోర్డు మీద తొంభై అయిదు. పద్మనాభంగారి మొహం దేదీప్యమానంగా వెలుగుతోంది. ఆవిడ చెయ్యెత్తి మమ్మల్ని ఆపమంది.

"ఇదేమిటి?"

"ధ్వని ఉత్పాదక యంత్రం మేడమ్" అన్నారు పద్మనాభంగారు.

ఆవిడ నా మెడలో బిళ్ల చేతిలోకి తీసుకుని సంఖ్య చదివి, రికార్డుతో సరిచూసుకుని తల పంకించింది. సంఖ్య సరిపోయింది కనక ఆవిడకి మరే సందేహమూ కలగలేదు.

అప్పుడు నేను చూశాను. ఆవిడ చెవుల్లో బిరడాలు లేవు.

"తనిఖీ అధికారులకి ఆ నిబంధన వర్తించదు. నేను మీటరుతోబాటు చెవితో కూడా వినాలి" అంది, నా చూపు గమనించి. తరవాత నవ్వి, "ఇన్ని యంత్రాలు చూశాను గానీ పాడే యంత్రాన్ని చూడలేదు. మీకు నచ్చింది ఒకటి వినిపించండి. దాన్నే కొలుస్తాను" అంది.

మీకు నచ్చింది. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. చెవులు తెరిచి పెట్టుకుని, నా ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

ఆ క్షణంలో నాకు సన్యాసయ్య గంట గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. మూడొందల మందీ గుర్తొచ్చారు. దాంతోపాటే లోపలి గుమాస్తా కూడా కలం తీశాడు: కళాకారుడి మొదటి బాధ్యత సత్యం, సత్యం మెల్లగా మాట్లాడుతుంది, వగైరా. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టాను. ఈ మధ్య అలవాటైపోయింది.

నెల్సన్‌కేసి చూసి, "చల్లారిన ఇనుము" అన్నాను.

"గురూ, వద్దు" అన్నాడు నెల్సన్. కానీ నేను మొదలుపెడితే వాయించకుండా ఉండలేడు. ఒక తీగ మీటాడు.

"నీకేమైనా పిచ్చా?" అంది హైమ పళ్లబిగువున.

పాడాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మృణాళినిగారు తల కొంచెం పక్కకి వంచింది. నిజంగా వింటోంది! మొదటి పంక్తి విన్నది. రెండోదీ విన్నది. బోర్డు మీద సగటు అంకె ఎనభై అయింది, డెబ్భై అయింది, యాభైకి దిగుతోంది. పద్మనాభంగారు స్తంభం పట్టుకున్నారు.

బిరడాల వెనక ఉన్నవాళ్లకి నా పాట వినబడలేదు. అరికాళ్లలో అదురు తిరిగి రాకపోవడం మాత్రం తెలిసింది. ఒక్కొక్క తలా బోర్డువైపు తిరిగింది. అందరికంటే ముందు కదిలింది సన్యాసయ్య. నాకేసి ఒక చూపు చూశాడు. యంత్రం ఆగిపోతే ఫిట్టరు చూసే చూపు. అందులో కోపం లేదు. పెద్ద రెంచి తీసుకుని పక్కనున్న లంగరు గొలుసు మీద ఒకటి వేశాడు.

ఠంగుమంది.

తరవాత అటు చివరి నుంచి ఒకడు, ఇటు నుంచి ఇంకొకడు. రేకులు, బకెట్లు, టిఫిను డబ్బాలు, గొలుసులు. పైడినాయుడు నీళ్ల పీపా మీద అట్లకాడతో మొదలుపెట్టాడు. అట్లకాడ ఎక్కణ్నించి వచ్చిందో ఎవరికీ తెలియదు. మూడొందల మంది కొట్టారు. ప్రాణం పెట్టి కొట్టారు. నా సంగీతంలో నేను ఎన్నేళ్లుగానో పిలుస్తూ వచ్చిన ఆ అణగారిన క్రోధం, ఆ ఇనప గొంతు, ఎదురుగా లేచి నిలబడింది. నా పాటని మింగడానికి.

మృణాళినిగారు రెండు చేతులతో చెవులు మూసుకుంది. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. మూడో పంక్తి నుంచి ఆ పాట ఎవరూ వినలేదు. నాకూ వినబడలేదు. బోర్డు మీద నూట నాలుగు వెలిగింది. నేను నోరు మూశాను. వాళ్లు ఆపారు.

ఆవిడ నివేదిక కూర్మారావుగారు మాకు చదివి వినిపించారు. "సదరు యంత్రం ఉధృతంగా పనిచేసినప్పటికంటే మంద్రస్థాయిలో పనిచేసినప్పుడే విభాగంలో అత్యధిక శబ్దం వెలువడినట్లు నిర్ధారించడమైనది. విద్యుత్ వినియోగం కూడా నామమాత్రమే. కావున ఇకపై పనివేళల్లో ఎనిమిదవ గీతమును మాత్రమే వినియోగించవలెను."

గంట శాశ్వతమైంది. పైడినాయుడు నన్ను కావలించుకుని, "ఏం పాటండి బాబూ! మేటి పాట!" అన్నాడు కన్నీళ్లతో. విన్నాడా అని నేను అడగలేదు.

అప్పటినుంచి రోజూ ఎనిమిది నుంచి మూడు దాకా 'చల్లారిన ఇనుము' పాడుతున్నాను. రోజూ వాళ్లు దాని మీద కొడుతున్నారు. మిగతా పాటలన్నిటినీ తుక్కు విభాగానికి పంపినట్టు రసీదు ఇచ్చారు. కళాశాల తెరిచారు గాని నేను వెళ్లలేదు. యంత్రాన్ని బయటికి పంపాలంటే గేటు పాసు కావాలి, అది స్టోర్సువాళ్లు ఇవ్వాలి. పక్కనున్న అకౌంట్స్ విభాగంవాళ్లు కూడా తమకో మంద్రగీతం మంజూరు చెయ్యాలని అర్జీ పెట్టుకున్నారు. కొట్టడానికి తమ దగ్గర ఇనప బీరువాలు ఉన్నాయని అందులో విన్నవించారు.

ఎనిమిదో పాటలో సిలిండరుకి పని లేదు కనక హైమ వెళ్లి ఆ మూడొందల మందిలో కలిసిపోయింది.

"చెబితే బాధపడతావు గానీ గురూ, నీ పాటతో కలిసి కొట్టడంకంటే నీ పాట మీద కొట్టడంలో ఉన్న హాయే వేరు" అంది.

బాధపడ్డాను. కానీ ఒక సంగతి నన్ను ఓదార్చింది. చెవులు మూసుకున్నవాళ్లకి ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో తెలియాలి కనక, మూడొందల మందీ ఏడు గంటలసేపు నా పెదవుల మీంచి చూపు తిప్పరు. ఇంత ఏకాగ్రమైన శ్రోతలు ఏ గాయకుడికి దొరికారు? కొన్నాళ్లకి నేను గొంతు కలపడం మానేసి నోరు మాత్రం తెరిచి మూస్తూ వచ్చాను. తేడా ఎవరికీ తెలియలేదు. నాకు తెలుస్తుందేమోనని ఎదురుచూశాను. మూడోరోజుకి నాకూ తెలియలేదు.

దానికి భయపడే ఆ రోజు మూడింటికి సన్యాసయ్య వెనకాల నడిచాను. గేటు దాటే మందలో ఫిట్టరు పక్కనే ఉన్న యంత్రాన్ని ఎవరూ పాసు అడగలేదు. అతను ఇంటివైపు కాకుండా సముద్రం వైపు తిరిగాడు. ఇసకలో బోర్లించిన తెప్ప ఒకటి ఉంది. దాని నీడలో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. ఏమీ చెయ్యలేదు. గాలి కూడా అంతంతమాత్రంగా ఉంది. అలలు ఎవర్నీ లేపకూడదన్నట్టు వచ్చి వెళుతున్నాయి.

నన్ను చూసి లేవబోయాడు. "ఏటి బాబూ, ఇలగొచ్చీసినారు? ఎక్కడైనా పట్టీసిందా?"

"లేదు, కూర్చో." పక్కన కూర్చున్నాను. "సన్యాసయ్యా, నిన్నొకటి అడగాలి. ఆ పాట నువ్వు ఎప్పుడూ వినలేదు కదా. ఇక్కడ చప్పుడు లేదు, నీ చెవుల్లో బిరడాలు లేవు. ఒక్కసారి పాడతాను, వింటావా?"

అతను సముద్రంకేసి చూశాడు. అంతసేపూ అతని మొహంలో ఉన్నదేదో కొంచెం వెనక్కి తగ్గింది. అయినా మర్యాద తెలిసిన మనిషి.

"మీరింత దూరం వొచ్చి అడిగినాక కాదంతానేటి బాబూ? పాడండి" అన్నాడు.

చొక్కా జేబులోంచి బిరడాలు తీశాడు. ఇసక దులిపి, ఒకటి తరవాత ఒకటి చెవుల్లో పెట్టుకున్నాడు. పక్కన పడున్న గుండ్రాయి ఒకటి ఏరి చేతిలోకి తీసుకుని, తెప్ప కొయ్య మీద ఎక్కడ కొడితే బాగుంటుందో తట్టి చూసుకున్నాడు. తరవాత రాయి పైకెత్తి, శ్రద్ధగా నా పెదవులకేసి చూడసాగాడు.

నేను నోరు తెరవలేదు. అతను చాలాసేపు రాయి ఎత్తి పట్టుకునే ఉన్నాడు.